ఇంతిసార్ వాటా

ఇంతిసార్ పోయిన రోజు నేను చిన్న సొరకాయల్లాంటి కూసా కాయలు తొలుస్తున్నాను. శుక్రవారం భోజనానికి మా ఆయన తరఫువాళ్ళంతా వస్తారు కాబట్టి నలభై కాయలు. సన్నటి ఇనప పుల్లను కాయలోకి దింపి, తొక్క చిరగకుండా తిప్పి, గుజ్జంతా లాగెయ్యాలి. ఖాళీ అయిన కాయలో బియ్యం, మాంసం కూరాలి. పన్నెండో కాయ అయ్యాక మా బడిలో టీచరు విజ్దాన్ ఫోన్ చేసింది. ఇంతిసార్ పొద్దున్న నిద్ర లేవలేదని, వాళ్ళమ్మ లేపబోతే ఒళ్ళు చల్లగా ఉందని చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఎవరని అత్తగారు అడిగింది. చెప్పాను. పాపం, దేవుడు కరుణించాలి అంది. కాసేపాగి, "బియ్యం నానిపోతున్నాయి, రుదైనా," అంది. మిగతా ఇరవై ఎనిమిది కాయలూ తొలిచాను. ఒక్కటి కూడా చిరగలేదు.

ఇంతిసార్ లెక్కల టీచరు, నేను అరబీ టీచరును. సాల్ట్ ఊళ్ళో కొండ దిగువన ఉన్న బాలికల బడిలో పంతొమ్మిదేళ్ళు ఒకే గదిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె పోయాక మూడు రోజులూ ఇంటి వంట పూర్తిచేసి, గిన్నెలు తోమి, ఆ తర్వాతే పరామర్శకు వెళ్ళాను. నాలుగో రోజు కూడా నల్లబట్టలే వేసుకుంటే మా ఆయన అద్దంలోంచి చూసి, తోబుట్టువు పోయినట్టు చేస్తున్నావేమిటి, నీతో పనిచేసే ఆవిడేగా అన్నాడు. మా భాషలో సింహానికి వందల పేర్లున్నాయని ఏటా పిల్లలకు చెబుతాను. ఇంతిసార్ నాకేమవుతుందో చెప్పే పేరు మాత్రం నాకు దొరకలేదు. అయినా బట్టలు మార్చుకోలేదు.

మా ఇద్దరికీ కలిపి ఒక కారుండేది. పదకొండేళ్ళ కిందట, పదవీ విరమణ చేస్తున్న హెడ్మిస్ట్రెస్ దగ్గర చెరి సగం వేసుకుని కొన్నాం. అప్పటికే అది పాతది. కొనేముందు తనిఖీ కేంద్రానికి తీసుకెళ్ళాం. మా వైపు కారు కొనేవాడు రంగు చూడడు, ఇంజను తర్వాత చూస్తాడు. ముందు ఛాసిస్ నాలుగు కొసలు బాగున్నాయా అని అడుగుతాడు. ఒక కొసకు దెబ్బ తగిలినా చాలు, ఆ కారు బతుకంతా దెబ్బతిన్న కారే. తనిఖీ చేసేవాడు కింద దూరి నాలుగు మూలలూ తట్టి, నాలుగూ బాగున్నాయని కాగితం రాసిచ్చాడు. ఇంతిసార్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, "నన్ను చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా ఇలాగే నాలుగు మూలలూ తట్టి వెళ్ళారు. నాలుగూ బాగానే ఉన్నాయిట. అయినా కొనలేదు," అంది. అప్పటికే ఇంకో కారు కింద దూరిన అతను నవ్వాపుకోలేక తల పైకి కొట్టుకున్నాడు.

పొద్దున్నే నేను నడుపుతుంటే ఇంతిసార్ ముందు సీట్లో, విజ్దాన్, ఇంకో టీచరు అబ్లా వెనక. బేకరీ మలుపు దాకా ఇంటి మాటలు. ఎవరి మొగుడేమన్నాడో, ఎవరి అత్త ఏ కూరకు వంక పెట్టిందో చెప్పుకోవచ్చు, తిట్టుకోవచ్చు, ఏడవాలంటే ఏడవచ్చు. మలుపు దాటాక ఆ మాట ఎత్తినవాళ్ళు నలుగురికీ నువ్వుల రొట్టెలు కొనాలి. ఆ నియమం పెట్టింది ఇంతిసారే. అబ్లా ఇంట్లో జరిగేవి ఆ కాస్త దూరంలో ఇమిడేవి కావు, అందుకని ఎక్కువసార్లు రొట్టెలు అబ్లాయే కొనేది. రోజంతటిలో నేను ఎవరికీ ఏమీ అందించనక్కర్లేని ఇరవై నిమిషాలు అవే. మా ఇంట్లో ఆ కారుకు రెండు పేర్లుండేవి. నేను బడికి వెళ్ళేటప్పుడు అది డొక్కు. అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికో, ఆడబిడ్డను పెళ్ళిళ్ళకో తీసుకెళ్ళాల్సి వస్తే మన కారు.

ఆమె పోయాక కూడా విజ్దాన్, అబ్లా వెనకే కూర్చునేవారు. ముందుకు రమ్మని నేను పిలవలేదు. రామని వాళ్ళూ చెప్పలేదు.

నలభై రోజులు దాటాక, ఒక బుధవారం పొద్దున్న, బడి ముందు స్పీడ్ బ్రేకర్ దగ్గర నేను బ్రేకు వేశాను. వెనకున్న పికప్పు వేయలేదు. డిక్కీ లోపలికి ముడుచుకుపోయింది. అబ్లా డబ్బాలో పెరుగన్నం విజ్దాన్ ఒళ్ళో పడింది. వాళ్ళిద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు, నా మెడ పట్టేసింది. నడుపుతున్న కుర్రాడి లైసెన్సు గడువు ఎప్పుడో దాటింది. ట్రాఫిక్ పోలీసు రోడ్డు బొమ్మ గీసి, రెండు కార్లు గీసి, తప్పు పూర్తిగా వెనకవాడిదే అని రాశాడు. తర్వాత నా వైపు తిరిగి మా ఆయన ఫోన్ నంబరు అడిగాడు. నడిపింది నేనే అన్నాను. తెలుసు మేడమ్, అయినా మాట్లాడ్డానికి ఎవరో ఒకరు ఉండాలి కదా అన్నాడు.

మర్నాడు బీమా తరఫున నష్టం అంచనా వేసే ఆయన వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, వెనక ఎడమ కొసను చెప్పుతో తన్ని చూశాడు. బాగు చేయించే ఖర్చుతో ఇలాంటి కారు ఇంకోటి వస్తుంది, పూర్తిగా పోయినట్టే రాసేస్తాను అన్నాడు. నాతో కాదు, మా ఆయనతో. మెడకు పట్టీ వేసుకుని నేను పక్కనే నిలబడి ఉన్నాను, తల తిప్పలేను కాబట్టి ఇద్దరిలో ఒకరినే చూడగలను. మా ఆయన ముఖం చూశాను. చాలా రోజుల తర్వాత అంత తేలిగ్గా కనిపించాడు. అతను వెళ్ళాక, ఇకనుంచి పొద్దున్న నేనే దింపుతాలే, మధ్యాహ్నం తీసుకొస్తాను, నీకు ఆ శ్రమ ఎందుకు అన్నాడు. విజ్దాన్, అబ్లా సంగతేమిటంటే, వాళ్ళకు మొగుళ్ళు లేరా అన్నాడు. ఆయన ప్రేమగానే అన్నాడు. నాకు భయమేసింది ఆ ప్రేమకే. ఇరవై నిమిషాలు పక్కన కూర్చుని, సాయంత్రం వంటేమిటో, వాళ్ళమ్మకు మందులు తెచ్చావా లేదా వింటూ బడికి వెళ్ళడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇంతిసార్ దాచిపెట్టిన హెయిర్ పిన్నులు ఆ కారు యాష్‌ట్రేలో ఇంకా ఉన్నాయి. వాటిని తీసి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

శుక్రవారం సాయంత్రపు నమాజు తర్వాత జాహా, అంటే రాజీ అడిగే పెద్దమనుషుల బృందం, వస్తుందని కబురొచ్చింది. నాకు గాయమైందని డాక్టరు రాసినందుకు ఆ కుర్రాణ్ణి ఠాణాలో కూర్చోబెట్టారు. నేను ఫిర్యాదు వదులుకుంటున్నానని సంతకం పెడితేనే బయటికి వస్తాడు. అందుకని అతని తాత హాజీ ముత్లక్ ఇంకో ఆరుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వస్తున్నాడు. పొద్దున్నించీ ఇల్లు ఊడ్చాను, దిళ్ళ గలీబులు మార్చాను, ఏలకులు దంచి చేదు కాఫీ కాచాను. మెడ తిరగకపోయినా కాఫీ కాగుతుంది. జాహా వచ్చినప్పుడు అందరికంటే పెద్దాయన ముందు కాఫీ కప్పు పెడతాం. ఆయన దాన్ని ముట్టుకోడు. వచ్చిన పని చెబుతాడు. ఇంటివాళ్ళు ఒప్పుకున్నాం, తాగండి అంటేనే తాగుతాడు. తాగాడంటే ఇచ్చిన మాట ఇక వెనక్కి తీసుకునేది కాదు.

తలుపు వెనకనుంచి విన్నాను. హాజీ ముత్లక్ మంచి మాటకారి. దేవుణ్ణి, ప్రవక్తను తలచుకుని, పొరుగుతనాన్ని గుర్తుచేసి, మా మామగారి మంచితనాన్ని పొగిడి, చివరికి వచ్చిన పని చెప్పాడు. అమ్మాయి మెడ విషయం వదిలెయ్యమన్నాడు. కారు విషయం కూడా వదిలెయ్యమన్నాడు, ఎలాగూ దాని ఆయుష్షు తీరిపోయింది, బీమా వాళ్ళు దానికిచ్చే నాలుగు డబ్బులూ లైసెన్సు లేదని మళ్ళీ మా వాడి దగ్గరే రాబడతారు అన్నాడు. మా ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. "కాఫీ తాగండి హాజీ. మీరు దేనికోసం వచ్చారో అది మీకు అందింది," అన్నాడు. కప్పు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అందరూ ఒకేసారి దీవెనలు మొదలుపెట్టారు.

రెండో విడత పోయడానికి కాఫీ కూజా నా చేతిలోనే ఉంది. ఆ కూజా గురించి నేనేమీ ఆలోచించలేదు. ఇంతిసార్ గురించి కూడా ఆలోచించలేదు. ఆ రోజు కాయల్ని తొక్క చిరగకుండా ఎంత జాగ్రత్తగా తొలిచాను అని మాత్రం అనుకున్నాను. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఏడుగురూ చూపులు దించుకున్నారు. మా ఆయన చూపులు మాత్రం దించలేదు.

"హాజీ, మీరు పెద్దవారు. నా మెడ నాది. దాని బాధ వదులుకున్నాను, కాగితం ఇవ్వండి, సంతకం పెడతాను," అన్నాను. "కారు మాత్రం మా ఆయనది కాదు. నాది కూడా సగమే. మిగతా సగం ఇంతిసార్‌ది. ఆమె చనిపోయింది. చనిపోయినవాళ్ళ సొత్తు మీద మీకు కాఫీ ఎవరు తాగించగలరు?"

హాజీ ముత్లక్ తన ముందున్న ఖాళీ కప్పు వైపు చూశాడు. అడుగున ఏదైనా మిగిలిందేమో అన్నట్టు వంచి చూశాడు.

"నేను తాగేశానే, అమ్మా," అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "అబూ యజన్, కారు నీ పేరున లేదా?"

"ఇంట్లో ఉన్న వస్తువే కదా హాజీ," అన్నాడు మా ఆయన.

"ఇంట్లో ఉన్నవన్నీ నీవే అయితే, ఈ కాఫీ కాచింది కూడా నువ్వేనా?"

వెనక కూర్చున్న ఒకాయన దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలుసు. హాజీ కప్పు నా వైపు చాచాడు. నేను పోశాను. ఆయన దాన్ని తన ముందు నేలమీద పెట్టుకుని చేతులు మోకాళ్ళ మీద వేసుకున్నాడు. డెబ్బై ఏళ్ళలో ఎన్నో ఇళ్ళల్లో కూర్చున్నాను కాని ఒకరి సొమ్ముకు ఇంకొకరి నోటితో మాఫీ తీసుకోవడం ఇదే మొదటిసారి, ఆ తప్పు నాదే, అడగాల్సిన మనిషిని అడగలేదు అన్నాడు. ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు అన్నాడు. నా జీవితంలో ఎవరూ నా ముందు కాఫీ కప్పు ముట్టుకోకుండా కూర్చోలేదు. ఆ కప్పులోంచి ఆవిరి పైకి పోతుంటే చూస్తూ ఉండిపోయాను. ఎంత సేపైనా ఆయన అలా కూర్చుంటాడనీ, ఆయన్ని కూర్చోబెట్టింది నేనేననీ తెలిసింది. నవ్వొచ్చింది. ఆపుకున్నాను.

కారు బాగు చేయించండి అన్నాను. అది పోయినట్టే రాశారట కదా, దాని బదులు ఇంకోటి చూసి పెడతాను అన్నాడు. అదే కావాలన్నాను. కాకపోతే నాకు సగం మాటే ఉంది, రెండో సగం ఇంతిసార్ వాళ్ళమ్మ హాజ్జె ఫిద్దాను అడగాలి అన్నాను. ఆమె ఇల్లు మా ఇంటికి పైన, తొంభై మెట్లు ఎక్కాలి. హాజీ ముత్లక్ కప్పు అలాగే వదిలేసి లేచాడు. ఆయన లేచాక మిగతావాళ్ళు లేవక తప్పలేదు.

ఆ మెట్లు నేను వేలసార్లు ఎక్కాను, అంత సంతోషంగా ఎప్పుడూ ఎక్కలేదు. ముందు మెడకు పట్టీతో నేను, నా వెనక అంగీల అంచులు ఎత్తిపట్టుకుని, ప్రతి మలుపులో ఆగి రొప్పుతూ ఏడుగురు పెద్దమనుషులు, అందరికంటే చివర మా ఆయన. కిటికీల్లోంచి ఆడవాళ్ళు చూశారు. ఎవరి పెళ్ళి సంబంధం అని ఒకావిడ అడిగింది. కారుది అని చెప్పాను.

హాజ్జె ఫిద్దా తలుపు తీసి మమ్మల్ని చూసి, మళ్ళీ ఎవరు పోయారు అంది. ఎవరూ పోలేదని, అడగడానికి వచ్చామని హాజీ చెప్పాడు. ఆమె నమ్మలేదు. నా కూతురు పోయినప్పటినుంచీ ఈ గడప దాటిన మగవాళ్ళందరూ నాకు ఏదో ఒకటి చెప్పడానికే వచ్చారు, అడగడానికి ఒక్కడూ రాలేదు అంది. లోపలికి రమ్మంది. హాజీ మొత్తం మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, ఈసారి దేవుడి తర్వాత నేరుగా కారుకే వచ్చాడు. ఆమె వింటూ నా మెడ పట్టీని సర్దింది.

"అది నడుస్తోందా?" అని నన్ను అడిగింది.

"నడుస్తోంది. డిక్కీ మూసుకోదు, అంతే."

"నా నోరు కూడా మూసుకోదు. నన్నేమన్నా తుక్కులో వేశారా?"

ఈసారి ఎవరూ దగ్గినట్టు నటించలేదు. గట్టిగానే నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు, నేను చూస్తున్నానని గమనించి ఆపాడు. హాజ్జె ఫిద్దా లేచి కాఫీ కాచింది. నేను సాయం చేయబోతే కూర్చోమంది. సంతాపం రోజుల తర్వాత ఆ కప్పులు బయటికి తీయడం అదే మొదలని వాటి మీది దుమ్ము చూసి తెలుసుకున్నాను. ఒక కప్పు హాజీ ముందు పెట్టి, తాగనివ్వకుండా తన షరతు చెప్పింది. మీరు కారు బాగు చేయించాలి, అది మీ పని, పొద్దున్న ఆ ముందు సీటు ఖాళీగా ఉంటోందిట, వారానికి ఒక్క రోజు నన్ను కూర్చోబెట్టుకోవాలి, అది ఈమె పని అంది. బడి దాకా వచ్చి ఏం చేస్తారని నేను అడిగాను. ఏమీ చెయ్యను, డెబ్బై నాలుగేళ్ళు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నాను, ఊరికే కూర్చుని పోతాను అంది. నేను సరేనన్నాక, తాగు హాజీ అంది. ఆయన ఒక్క గుక్కలో తాగాడు.

ఆ రాత్రి మా ఆయన, పదిమందిలో నోరెత్తావు అన్నాడు. ఎత్తాను అన్నాను. అంతకంటే పొడుగు జవాబు ఆ మాటకు అవసరం లేదనిపించింది. ఆయన మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, కారు ఎప్పటికి వస్తుంది, అమ్మను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి అని అడిగాడు. గురువారం మాత్రం కుదరదు, గురువారం సీటు ఇచ్చేశాను, మిగతా రోజుల్లో ఆవిణ్ణి ఒకసారి నేను తీసుకెళ్తాను, ఒకసారి మీరు అన్నాను. ఆయన ఏదో అనబోయి, ఏ రోజు తనదో అడిగాడు.

డెంటింగ్ మేస్త్రీ వర్తాన్ మొదట ఒప్పుకోలేదు. చెల్లెమ్మా, దీన్ని లాగితే మిగతాది కూడా ఊడివస్తుంది అన్నాడు. హాజీ ముత్లక్ రోజూ వచ్చి షెడ్డు ముందు స్టూలు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాక ఒప్పుకున్నాడు. గొలుసులు కట్టి రెండు రోజులు లాగాడు. తెల్ల డిక్కీ దొరకలేదు, తుక్కు యార్డులో ఆకుపచ్చది దొరికింది. ఐదు వారాల తర్వాత తాళం నా చేతిలో పెట్టి, నాలుగు కొసల్లో మూడు బాగున్నాయి, నాలుగోది బుద్ధి తెచ్చుకుంది అన్నాడు. తెల్ల కారుకు ఆకుపచ్చ డిక్కీ. ఇక ఎవరూ కొనరని మా ఆయన అన్నాడు. అమ్మడం లేదన్నాను. బడి పిల్లలు గేటు దగ్గర చప్పట్లు కొట్టారు.

మొదటి గురువారం హాజ్జె ఫిద్దా ఇస్త్రీ చేసిన నల్లటి గౌనులో, చేతిలో ఆలివ్ పళ్ళ సీసాతో ముందు సీట్లో కూర్చుంది. యాష్‌ట్రే తెరిచి, పిన్నులు చూసి, రెండు తీసి తన ముసుగుకు గుచ్చుకుంది, మిగతావి లోపలే ఉంచి మూసింది. విజ్దాన్ ఆమెకు నియమం చెప్పింది. బేకరీ మలుపు దగ్గరపడేసరికి ఆమె ఇంకా తన పెళ్ళినాటి అత్తగారి కబుర్ల దగ్గరే ఉంది, ఆవిడ పోయి ముప్పై ఏళ్ళు. మలుపు దాటినా ఆపలేదు. అబ్లా చాలా ఏళ్ళ తర్వాత ఇంకొకరు కొన్న రొట్టె తింది. నేను నవ్వుతూ నడిపాను, నవ్వుతూనే ఏడ్చాను.

డిక్కీ రంగు మారిందని రాయించడానికి లైసెన్సు ఆఫీసుకు వెళ్ళాను. గుమాస్తా కాగితం చూసి, యజమానుల్లో ఒకరు చనిపోయారు కాబట్టి మరణ పత్రం, వారసుల పత్రం తెచ్చి ఆ పేరు తీయించుకోవాలని చెప్పాడు. వచ్చే ఏడాది లైసెన్సు రెన్యువల్ లోపు అయితే చాలన్నాడు. రెండు పత్రాలూ తెచ్చి సంచిలో పెట్టుకుని నాలుగు నెలలైంది. ఇంతిసార్ పేరు ఇంకా తీయించలేదు.